ఎద్దు మోసిన పాట: అనంత తండాల్లో చేతిపని, కళ – ఒక చరిత్ర

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి మన తండాల్లో ఒకే మాట నడుస్తుంది. పిల్లవాణ్ని ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సుకు పంపాలా? బేల్దారి మేస్త్రీ అయిన మామ వెంట బెంగుళూరుకు పంపాలా? లేక వాడి గొంతు బాగుంది కాబట్టి పాటల వైపు వదలాలా? ఆడపిల్ల సూది పట్టిందంటే అద్దాలు తళతళమంటాయి. ఆ కుట్టునే బతుకుదెరువు చేసుకోమందామా, మిషను కుట్టు నేర్చుకుని గార్మెంట్ ఫ్యాక్టరీకి పొమ్మందామా? ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. గుత్తి నుంచి కదిరి దాకా, తలుపుల నుంచి తనకల్లు దాకా ప్రతి తండాలోనూ తల్లిదండ్రులు ఈ ముడి దగ్గరే ఆగిపోతున్నారు.

ఈ ప్రశ్నకు ఉపన్యాసాలతో జవాబు దొరకదు. మన పెద్దలు ఇదే ముడిని ఎన్నిసార్లు విప్పారో, ఎక్కడ విప్పలేకపోయారో ఒకసారి వెనక్కి చూసుకోవాలి. ఈ సంచికలో మేము ఆ పని చేయదలచాం. ముందుగా ఒక్క మాట. 'చేతిపనా, కళా' అని రెండుగా విడదీసి అడగడం మన జాతి చరిత్రలో చాలా కొత్త. మన పూర్వికుల కాలంలో ఈ రెండూ ఒకే ఎద్దు మీద ప్రయాణం చేశాయి.

లదేణి రోజులు

మనల్ని సుగాలీలన్నా, లంబాడీలన్నా, బంజారాలన్నా, మనకు మనం గోర్ అని చెప్పుకున్నా, అందరినీ కలిపే జ్ఞాపకం ఒక్కటే: లదేణి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరా, దేశదేశాలా తిరిగిన సరుకు రవాణా. లంబాడీ అన్న పేరుకు మూలం ఉప్పును చెప్పే 'లవణ' శబ్దమేనని చాలామంది పండితుల అభిప్రాయం.

ఆ రవాణా ఎంత పెద్దదో పరదేశీయులు రాసిపెట్టారు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో ఉత్తరాదిన ప్రయాణిస్తూ ఎదురుపడిన ఒక్క తండాలోనే పద్నాలుగు వేల ఎద్దులున్నాయని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, మనవాళ్లు నాలుగు వర్గాలుగా ఉండి ఒకరు గోధుమ వంటి ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మోసేవారని రాశాడు. మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటి వెనక అన్నం మోసింది మన ఎద్దులే. 1792లో, 1799లో శ్రీరంగపట్నం మీదికి నడిచిన ఇంగ్లీషు సేనలకు ధాన్యం అందించిన వాళ్లలోనూ మనవాళ్లున్నారు. కంపెనీ కాగితాల్లో వాళ్ల పేరు 'బ్రింజారీలు'.

మన సీమకు ఈ చరిత్రతో ఉన్న బంధం గట్టిది. సేవాలాల్ మహారాజ్ 1739లో గుత్తి దగ్గర, ఈనాడు సేవాగఢ్‌గా పిలుచుకునే చోట పుట్టారని మన పరంపర చెబుతుంది. ఆయన తండ్రి భీమా నాయక్ వేల పశువులతో లదేణి నడిపిన నాయకుడని మన పాటలు చెబుతాయి. గుత్తి కోట కింది దారులు మనకు తాతల నాటివి.

ఇప్పుడు అసలు విషయం. ఆ తండాలో పనివాడెవరు, కళాకారుడెవరు? విడదీసి చూపడం కష్టం. ఎద్దు వీపున వేసే గోణె సంచికి అతుకు వేసిన చేతే ఎద్దు నుదుటి పట్టీకి గవ్వలు కుట్టింది. కొమ్ములకు తొడుగులు, వీపున అలంకారపు గుడ్డలు, మెడలో గంటలు కట్టుకున్న ఎద్దు గుంపుకు ముందు నడిచేది. ఆ అలంకారం ఊరికే పెట్టింది కాదు. సంతలో అది ఏ తండానో, ఎంతటి తండానో దూరం నుంచే తెలిసేది. పాటకూ అంతే పని ఉండేది. రాత్రి మజిలీలో పశువుల కాపలా మేలుకొని ఉండటానికి పాట. పెళ్లిలో ఆడబిడ్డను సాగనంపడానికి ఢావ్‌లో. హోళీకి లెంగీ. వంశాల చరిత్ర చెప్పే భాట్‌లకు, ఢాఢీలకు తండా ధాన్యం ఇచ్చి, పశువు ఇచ్చి పోషించేది. అంటే కథ చెప్పేవాడి కూలి కూడా లదేణి ఆదాయంలోంచే వచ్చేది.

ఎద్దు సరుకు మోసింది, ఆ సరుకుతో పాటు పాటనూ కుట్టునూ మోసింది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే తరువాత జరిగినదంతా అర్థమవుతుంది.

ఎద్దు ఆగిపోయింది

1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలాలు అని పేరు పడింది. థామస్ మన్రో అనంతపురంలో కూర్చుని మొదటి ప్రధాన కలెక్టరుగా పాలించాడు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. ఉప్పు మోసే పని ఒక్కసారిగా పోలేదు గాని, దాని తాళం చెవి మాత్రం పరుల చేతికి పోయింది.

రెండో దెబ్బ రైలు. మద్రాసు నుంచి బయలుదేరిన ఇనుప దారి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు దారితో కలిసింది. తండా వారాల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. మన జిల్లాలో గుంతకల్లు పెద్ద జంక్షన్‌గా ఎదిగిన కాలమూ, మన ఎద్దులు దారి తప్పిన కాలమూ ఒక్కటే. తరువాత 1876-78 మహా కరువు వచ్చింది. మనుషులతో పాటు పశువులూ పోయాయి. లదేణికి పెట్టుబడి ఎద్దే. అది పోయాక మళ్లీ కొనడానికి, కొన్నా నడపడానికి దారి మిగలలేదు.

మూడోది అడవి. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేత మేసే గట్లకు హద్దురాళ్లు పడ్డాయి. అనంతపురం జిల్లాగా ఏర్పడిన ఏడు కూడా అదే. నాలుగోది ఠాణా. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై 1911 నాటికి మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తిరిగే జాతులన్నిటినీ అనుమానంతో చూసే చట్టమది. పేరు రిజిస్టరులో ఎక్కితే ఊరు కదలడానికి కూడా అనుమతి కావాలి. తిరగడమే వృత్తి అయిన వాళ్లకు తిరగడమే నేరమయింది. ఆ చట్టం 1952లో రద్దయింది. నేటికీ విముక్త జాతుల వరుసలో మన పేరు, మన పక్కన ఎరుకల వారి పేరు కనిపించడానికి కారణం ఆ చరిత్రే.

ఇలా మూడు తరాల్లో మనవాళ్లు ఆగిపోయారు. గుట్టల పక్కన, ఊళ్లకు దూరంగా, ఎవరూ దున్నని రాతి నేలల్లో తండాలు స్థిరపడ్డాయి. కట్టెలు కొట్టి అమ్మడం, పశువులు పెంచడం, కూలి, ఆ తరువాత శెనక్కాయ సాగు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన మీద ఆధారపడిన సాగు అది. అదును తప్పితే పంట లేదు. పంట లేకపోతే బెంగుళూరు.

ఇక్కడ ఒకటి గమనించాలి. లదేణి పోయినప్పుడు మనం ఒక్క వృత్తినే పోగొట్టుకోలేదు. కళను మోసే వీపును కూడా పోగొట్టుకున్నాం. పాట ఉంది, కుట్టు ఉంది. వాటిని మోసే ఆదాయం లేదు. భాట్‌కు ఇవ్వడానికి ధాన్యం లేదు. ఎద్దే లేనప్పుడు నుదుటి పట్టీ ఎవరికి?

సూది ఎవరి కోసం కుట్టింది

అయినా కుట్టు వెంటనే చావలేదు. అది ఆడవాళ్ల ఒంటి మీదికి చేరి బతికింది. ఫేటియా, కాంచళి, తల మీద టుక్రి. అద్దాలు, గవ్వలు, నాణేలు, పూసలు. నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకు కూడా గవ్వల అంచు. మన ఆడవాళ్ల నోట కిలణ్, వేలే, బక్యా, మాకీ, రేలో, నక్రా అనే పేర్లు ఉన్నాయంటే, ప్రతి కుట్టుకూ ఒక పద్ధతి, ఒక చోటు, ఒక కొలత ఉన్నాయని అర్థం. పేరున్న పని అంటే నేర్పగలిగిన పని. అది చేతికి తోచినట్టు పోయే సరదా కాదు, క్రమమున్న విద్య.

కాని ఆ విద్య అమ్మకానికి పుట్టలేదు. పిల్ల తన పెళ్లికి తాను కుట్టుకునేది. తల్లి కూతురికి కుట్టేది. ఎన్ని రోజులు పట్టిందని ఎవరూ లెక్క వేయలేదు, ఎందుకంటే ఎవరూ కొనలేదు. కాబట్టి దానికి 'ధర' అనేది మన భాషలో ఎప్పుడూ లేదు. ఈ లోటు చిన్నగా కనిపిస్తుంది. ఇవాళ మన ఆడబిడ్డలు మోసపోతున్నది మాత్రం సరిగ్గా ఇక్కడే.

వలస మొదలయ్యాక బరువైన ఫేటియా పనికి అడ్డమయింది. బెంగుళూరు కట్టడాల దగ్గర ఇటుకలు మోసే చోట, బస్సుల్లో, ఆసుపత్రుల్లో ఆ బట్టను చూసి నవ్వారు, వేరుగా చూశారు. అమ్మమ్మలు పెట్టెలో పెట్టారు, అమ్మలు చీర కట్టారు, కూతుళ్లు చుడీదార్లు వేసుకున్నారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. ఎండలో గారె మోసే మనిషికి సుఖమైన బట్ట కావాలి. కాకపోతే సూదికి ఉన్న చివరి చోటు కూడా అలా ఖాళీ అయింది.

సరిహద్దు అవతల సండూరు

మన రాయదుర్గం దాటి ఉత్తరానికి పోతే బళ్లారి. 1953 దాకా ఇదంతా ఒకే మద్రాసు రాష్ట్రం. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన నాడు బళ్లారి జిల్లా రెండు ముక్కలయింది. రాయదుర్గం, ఆదోని, ఆలూరు ఇటు, మిగిలినది మైసూరుకు. గీత గీసింది పటం మీదే. రెండు వైపులా ఉన్నది మన గోర్ జనమే, మన గోర్‌బోలీయే.

ఆ బళ్లారి జిల్లా సండూరులో మన కుట్టు వేరే దారి పట్టింది. సండూరు కుశల కళా కేంద్రం అనే సంస్థ లంబాణీ ఆడవాళ్లను ఒక చోట చేర్చింది. గుడ్డ, దారం, అద్దాలు సంస్థ సమకూర్చింది. ఆడవాళ్లు కుట్టారు. అమ్మకం సంస్థ చూసింది. సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో జీ20 సాంస్కృతిక బృందం హంపిలో సమావేశమైనప్పుడు, నాలుగు వందల యాభై మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1755 అతుకు ముక్కలను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది రికార్డు గురించి కాదు. ఎద్దు చేసిన పనిని అక్కడ ఒక సంస్థ చేసింది. కళను తన వీపున మోసి సంతకు చేర్చింది. అందువల్ల కుట్టు పెట్టెలోంచి బయటికి వచ్చింది. అదే కుట్టు, అదే గోర్ ఆడవాళ్లు, అదే మెట్ట నేల. ఇవతల తండాల్లో అది జ్ఞాపకంగా మిగిలింది, అవతల కూలిగా మారింది. తేడా ప్రతిభలో లేదు. మోసేవాళ్లు ఉండటం, లేకపోవడం.

అయితే ఒక మాట దాచకూడదు. సంతకు పోయినప్పుడు కళ కొంత మారుతుంది. ఫేటియా మీది కుట్టు సంచి మీదికి, దిండు గలీబు మీదికి, కుర్తా అంచు మీదికి వచ్చింది. రంగులు కొనేవాళ్ల ఇష్టాన్ని బట్టి మెత్తబడ్డాయి. మన పాత ఎరుపు, మన గవ్వల బరువు వాళ్లకు ఎక్కువనిపిస్తుంది. మోసే ఎద్దుకు తనదైన దారి ఉంటుంది, అది మనం అడిగిన ప్రతిదాన్నీ మోయదు.

పొరుగున నిమ్మలకుంట

ఈ చివరి మాట ఇంకా బాగా అర్థం కావాలంటే ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు పోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది. అక్కడి తోలుబొమ్మల కుటుంబాలు మన తెగవాళ్లు కారు. మరాఠీ మూలం ఉన్న ఆరె వాళ్లు. ఇంట్లో ఒక మాట, ఆటలో తెలుగు మాట. ఇంటి భాష ఒకటి, బతుకు భాష ఒకటి అయిన స్థితి మనకు కొత్త కాదు. అందుకే వాళ్ల కథ మనకు దగ్గరగా వినిపిస్తుంది.

వాళ్ల తాతలు బొమ్మలు చేసేవాళ్లు మాత్రమే కాదు, ఆడించేవాళ్లు. మేక తోలును నానబెట్టి, వెంట్రుక గీకి, ఎండలో బిగించి, వెలుగు పారేంత పలుచన చేసి, బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేసి, చేతులు కాళ్లు దారంతో ముడివేస్తారు. అంతవరకూ చేతిపని. చీకటి పడ్డాక తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టి, కాళ్ల కింద బల్లచెక్క తొక్కుతూ, హార్మోనియం, మృదంగం, తాళాల మధ్య రామాయణ భారతాలు తెల్లవారుదాకా ఆడతారు. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్విస్తారు. అది కళ. వాన పడని ఏడు విరాటపర్వం ఆడిస్తే వాన వస్తుందని ఊళ్లు నమ్మేవి. ఈ కరువు నేలలో ఆ నమ్మకమే వాళ్లకు పిలుపు, కూలి, భోజనం. అంటే ఆటను మోసింది ఊరి ధాన్యం.

తరువాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా కూర్చునే ఊరు మాయమయింది. ఆట పిలుపులు తగ్గాయి. అప్పుడు హస్తకళల సంస్థలు, ప్రదర్శనలు కొత్త సంతను చూపించాయి. తోలు దీపపు తొడుగులు, గోడ బొమ్మలు, తలుపు తెరలు. నిమ్మలకుంట ఇళ్లలో ఉలి మళ్లీ మోగింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి పెద్ద కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఊరికి మాత్రమే కాదు, అనంత సీమకంతా అది గౌరవం.

కాని కొత్త సంత ఏం కొంటున్నదో చూడండి. తోలును కొంటుంది, చిల్లును కొంటుంది, రంగును కొంటుంది. రాత్రంతా సాగే పద్యాన్ని, గొంతు మార్చి పలికే పది పాత్రలను, తెర వెనక కాలి తాళాన్ని అది కొనదు. దీపపు తొడుగు ఒక గంటలో అమ్ముడుపోతుంది, సుందరకాండ అమ్ముడుపోదు. కాబట్టి చేయి బతికింది, గొంతు సన్నబడింది. పిల్లలు సహజంగానే అమ్ముడుపోయేదాన్ని నేర్చుకుంటారు.

నిమ్మలకుంట మనకు చెప్పే పాఠం ఇది. 'కళను బతుకుదెరువు చేసుకున్నాం' అన్నప్పుడు మొత్తం కళ బతుకుతున్నదా, అందులో అమ్ముడుపోయే సగమే బతుకుతున్నదా అని అడగాలి. మిగిలిన సగాన్ని మోయడానికి ఇంకొక వీపు వెతకాలి.

బసినేపల్లి తండా నుంచి ఒక గొంతు

మన పిల్లలు ఇప్పుడు ఎక్కువగా చెప్పే పేరు మంగ్లీ. గుత్తి మండలం బసినేపల్లి తండాలో పుట్టిన సత్యవతి రాథోడ్. తెలుగు లోకమంతా విన్న గొంతు. పండుగ పాటలతో మొదలై 2021లో 'సారంగ దరియా' దాకా ఆమె పాట ప్రతి పెళ్లి ఇంటా మోగింది. సేవాలాల్ పుట్టిన గుత్తి నేల నుంచే ఇంకొక గొంతు ఇంత దూరం పోవడం మనందరికీ సంతోషం.

అయితే ఆమె కథను పిల్లలు సగమే వింటున్నారు. 'గొంతు ఉంటే చాలు, ఫోనులో పాడి పెడితే చాలు' అన్నట్టు వింటున్నారు. మిగిలిన సగం ఇది. ఆమె తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీతంలో డిప్లొమా చదివింది. అంటే స్వరం, తాళం ఒక పనిలా, రోజూ సాధన చేసి నేర్చుకుంది. తరువాత వీ6 టీవీ ఛానల్‌లో వ్యాఖ్యాతగా పని చేసింది. ఆ తెర నుంచే ఆమె మాట, ఆమె పాట జనానికి చేరాయి. ఆమె పాట కూడా నేర్చుకున్న విద్య మీద, చేసిన ఉద్యోగం మీద ఎక్కి ప్రయాణం చేసింది. ఎద్దు మారింది, పాట మోయబడటం మారలేదు.

ఒక లెక్క

ఇప్పుడు సూది పట్టే ఆడబిడ్డల ముందు ఒక చిన్న లెక్క పెడతాం. ఇది ఊహ లెక్కే, ఎవరి ఇంటి లెక్కా కాదు. ఒక కాంచళి నిండుగా కుట్టడానికి ఇంటి పనుల మధ్య నెల రోజులు పట్టిందనుకుందాం. రోజుకు సగం పూట సూది పట్టినా, మొత్తం పదిహేను నిండు రోజుల పని. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ ధరకు పదిహేను రోజుల కూలి 4500. గుడ్డ, దారం, అద్దాలు, గవ్వలకు 500. మొత్తం 5000.

సంతలో ఒక వ్యాపారి వచ్చి 'పాత పనితనం, బాగుంది, 1500 తీసుకో' అంటాడు. సరుకు ఖర్చు పోగా చేతికి వెయ్యి. పదిహేను రోజులకు పంచితే రోజుకు 67 రూపాయలు కూడా నిండవు. మట్టి పనికి పోయినా దానికి నాలుగింతలకు పైగా వచ్చేది. మనం 'కళ' అని మురిసిపోయిన చోట జరిగింది ఇది. ధర తెలియని విద్యను ఎవరైనా తక్కువకే కొంటారు.

ఈ లెక్క కుట్టు మానుకోమని చెప్పడం లేదు. లెక్క వేయకుండా అమ్మవద్దని చెబుతుంది. నిండు కాంచళికి 5000 ఇచ్చే కొనుగోలుదారు దొరికేదాకా చిన్న చిన్న పట్టీలు, అంచులు, సంచులు కుట్టి, ఒక్కోదానికి పట్టిన గంటలు రాసిపెట్టి అమ్మడం ఒక దారి. సండూరులో జరిగింది ఇంచుమించు ఇదే.

బిడ్డలకు ఏం చెబుదాం

ఇంత చరిత్ర చూశాక మా సంఘం పెద్దలు, యువకులు కలిసి ఆలోచించి అనుకున్నవి ఇవి.

మొదటిది, చేతివృత్తిని తక్కువగా చూడవద్దు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్, ప్లంబర్ చదివిన పిల్లవాడు నేర్చుకున్నది చిన్న పని కాదు. మన తాతలు పద్నాలుగు వేల ఎద్దుల తండాను నడిపించారంటే అందులో లెక్క, దారి, నీళ్లు, మేత, సంత అన్నీ తెలిసిన నైపుణ్యం ఉంది. రైలు అలాంటి నైపుణ్యాన్ని ఒక్క తరంలో పనికిరానిది చేసింది. కాబట్టి పిల్లవాడు నేర్చుకునే పని రేపు కూడా నిలిచేదా అని అడగాలి. బేల్దారి పని మంచిదే. కాని తట్ట మోయడం దగ్గరే ఆగకుండా, మట్టం చూడటం, కొలత వేయడం, మేస్త్రీ కావడం దాకా పోవాలి. చేతిలో ఉన్న పని మనిషిని ఎవరి దయ మీదా ఆధారపడనివ్వదు.

రెండోది, పాడే పిల్లవాణ్ని, కుట్టే పిల్లను 'అది తిండి పెట్టదు' అని ఒక్క మాటతో నోరు మూయించవద్దు. అదే సమయంలో 'నీకు ప్రతిభ ఉంది' అని ఒక్క మాటతో ఎండలోకి తోయవద్దు. ఆ పాటను, ఆ కుట్టును మోసే వీపు ఏదో ముందు చూపించాలి. అది ఒక వృత్తి కావచ్చు, చదువు కావచ్చు, మహిళా సంఘం కావచ్చు, జీతమిచ్చే ఉద్యోగం కావచ్చు. వానలు పడని ఏడు కూడా నడిచేదై ఉండాలి. ఈ నేలలో అది మొదటి నియమం.

మూడోది, అమ్ముడుపోని సగాన్ని తండా తానే మోయాలి. ఢావ్‌లో పాడే అవ్వలు ఇంకా ఉన్నారు. లెంగీ పాడే తాతలు ఉన్నారు. వాళ్ల దగ్గర ఉన్నదాన్ని ఏ సంతా కొనదు, కాబట్టి ఏ సంతా కాపాడదు. ప్రతి తండాలో ఇద్దరు పిల్లలు ఫోనుతోనే, పాడే మనిషి అనుమతి అడిగి, పేరు, తండా, పాట ఏ సందర్భానిదో చెప్పించి దాచిపెడితే చాలు. గోర్‌బోలీకి తనదైన లిపి లేదు. తెలుగు లిపిలోనే రాసిపెట్టవచ్చు. అవ్వల నోట ఉన్న కుట్ల పేర్లు కూడా అలాగే, పక్కన చిన్న గుడ్డ ముక్క మీద ఆ కుట్టు వేసి, పుస్తకంలో అతికిస్తే అది పాఠ్యపుస్తకం అవుతుంది.

నాలుగోది, ఆడబిడ్డలు కుట్టినదానికి ధర చెప్పేది వాళ్లే కావాలి. గంటలు రాసుకోండి, కూలి కట్టండి, సరుకు ఖర్చు కలపండి. ఆ అంకె కిందికి ఎవరూ దిగవద్దు. ఒక తండా దిగితే పక్క తండా కూడా దిగవలసి వస్తుంది. ఈ ఒక్క విషయంలో అందరం ఒక్క మాట మీద ఉంటే వ్యాపారి కూడా మాట మార్చుకుంటాడు.

మన పెద్దలకు పనా, కళా అని ఎంచుకోవలసిన అవసరం రాలేదు. ఎద్దు బలంగా ఉన్నంత కాలం రెండూ నడిచాయి. మన పిల్లలకు ఆ అవసరం వచ్చిందంటే, అది వాళ్ల లోపం కాదు, ఎద్దు పోయిన చరిత్ర. ఈ సంవత్సరం ఐటీఐ సీటు వచ్చిన పిల్లలను సంతోషంగా పంపుదాం. వాళ్లు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అవ్వ పక్కన కూర్చోబెట్టి ఒక పాట, ఒక కుట్టు నేర్పుదాం. జీతం తెచ్చే చేయి ఇంట్లో ఒకటి ఉంటే, పాడే గొంతు ఆకలికి భయపడకుండా పాడుతుంది.